ఏతం పాటా, మా తమ్ముడి లెక్కా

(బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థి)

సంచికకి ఏదైనా సైన్సు వ్యాసం రాసి ఇమ్మని సంపాదకవర్గంలో ఉన్న మిత్రుడు అడిగితే, "సంగీతం గురించి రాస్తాను" అన్నాను. వాడు పగలబడి నవ్వేడు. అందులో వాడి తప్పేమీ లేదు. హాస్టల్లో నా గొంతు ఒకసారి విన్నవాళ్ళెవరూ రెండోసారి పాడమని అడగలేదు. మాది వ్యవసాయ కుటుంబం. సంగీతం నేర్చుకున్నవాళ్ళు మా ఇంటా వంటా లేరు. స్వరాలు ఏడని తెలుసుగాని, వింటే ఏది ఏదో పోల్చలేను. అయినా ఈ విషయం మీద రాయడానికి నాకో అర్హత ఉంది. పాటని పనిముట్టుగా పట్టుకుని మా తమ్ముడికి ఐదు వరకూ లెక్క నేర్పబోయేను. మొదట బోల్తా పడ్డాను. ఎందుకు బోల్తా పడ్డానో తెలుసుకోవడంలోనే అసలు సంగతి తెలిసింది. ఆ సంగతే ఇక్కడ చెప్పాలని.

మా తమ్ముడికి పదకొండేళ్ళు. డౌన్స్ సిండ్రోమ్‌తో పుట్టేడు. మన ఒంట్లో కణానికి 46 క్రోమోజోములుంటే వాడికి 47. ఇరవయ్యొకటో నంబరువి మనకి రెండు, వాడికి మూడు. ఈ కారణాన్ని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, ఆయన సహచరులు ప్రకటించేరు. జెనెటిక్స్ క్లాసులో లెక్చరరుగారు బోర్డు మీద ఆ క్రోమోజోముల బొమ్మ వేసినప్పుడు అందరితోపాటు నేనూ నోట్సులోకి ఎక్కించుకున్నాను. ఆ మూడో క్రోమోజోము గలవాడు జామకాయకి ఉప్పు రాసుకుని మరీ తింటాడనీ, మా ఆవుదూడ వాడి మాట తప్ప ఇంకొకరి మాట వినదనీ ఆ బొమ్మలో లేదు.

వాడికి ఆరేళ్ళప్పుడు నాన్న ఒక బడికి తీసుకెళ్ళేరు. "ఇక్కడ కుదరదండీ, మిగతా పిల్లలకి ఇబ్బంది" అని చెప్పి పంపించేసేరు. నాన్న ఇంటికొచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా చొక్కా విప్పి, పార పట్టుకుని పొలానికి వెళ్ళిపోయేరు. ఆ తర్వాత మూడేళ్ళు వాడికి ఏదైనా నేర్పవచ్చునన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. వాణ్ణి ముద్దు చేసేం, తినిపించేం, బట్టలు తొడిగేం. అన్నీ మేమే చేసిపెట్టేం. అది ప్రేమే. కాని అలాంటి ప్రేమ వల్ల కూడా పిల్లవాడు వెనకబడతాడని అప్పటికి మాకు తెలీదు.

ఏతం పాటలో ఏముంది?

మోటార్లు వచ్చేక మా వైపు ఏతాలు పోయేయి. మా తాత మాత్రం కుర్రతనంలో ఏతం తొక్కిన మనిషి. చూడనివాళ్ళ కోసం చెప్తాను. నూతి దగ్గర పాతిన కొయ్య మీద పొడవాటి దూలం అటూ ఇటూ ఊగేలా అమర్చి ఉంటుంది. దూలం ఒక చివర నుంచి వెదురుగడ వేలాడుతుంది. గడ చివర బాన. ఒక మనిషి దూలం మీద నూతి వైపు నడిస్తే బాన నీళ్ళలోకి దిగుతుంది. వెనక్కి నడిస్తే నిండి పైకొస్తుంది. కింద నిలబడ్డ రెండో మనిషి దాన్ని పట్టి కాలవలోకి ఒంచుతాడు. పైవాడి అడుగూ కిందవాడి చెయ్యీ ఒక్క క్షణం తేడా పడినా పైవాడు నూతిలో ఉంటాడు.

అందుకే పాట. పాట ఇద్దరికీ ఒకే సమయాన్ని ఇస్తుంది. ఇప్పుడు అడుగు, ఇప్పుడు పట్టు, ఇప్పుడు ఒంచు. ఇంకో సంగతి కూడా ఉంది. ఎన్ని బానలు తోడేరో ఆ లెక్క పాటలోనే కలిసి ఉంటుంది. బాన పైకొచ్చిన ప్రతిసారీ పాటలో ఒక అంకె. తాత చదువుకోలేదు. అయినా వాళ్ళు తోడిన బానల లెక్క ఏనాడూ తప్పలేదంటాడు.

ఏతం పాటే కాదు. ఉడుపుల పాటలూ దంపుళ్ళ పాటలూ పడవవాళ్ళ పాటలూ అన్నీ ఇలాంటివే. మనం వాటిని జానపద సాహిత్యం అని పుస్తకాల్లో అచ్చువేసుకుని ఆనందిస్తున్నాం. మంచిదే. కాని అవి పుట్టింది ఆనందం కోసం మాత్రమే కాదు. చేతికి ఒక లయనీ, మనసుకి ఒక వరసనీ, పక్కమనిషితో ఒక పొత్తునీ ఇవ్వడానికి పుట్టేయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పేటప్పుడు పాట చెయ్యాల్సిన పని కూడా సరిగ్గా ఇదే.

సంగీతం నేర్పడం వేరు, సంగీతంతో నేర్పడం వేరు

ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. మన పక్కనే విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టేరు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. చూపులేని ఒక కుర్రవాడికి సంగీతం చెప్పించాలన్న తలంపుతోనే ఆ కళాశాల మొదలయిందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. అది గొప్ప సంగతి. అక్కడ సంగీతమే గమ్యం. నేను చెప్పబోయేదాంట్లో సంగీతం గమ్యం కాదు, దారి. పిల్లవాడు చెయ్యి కడుక్కోవాలి, బొత్తాం పెట్టుకోవాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి, దాహం వేస్తే నీళ్ళు అడగాలి. వాటి కోసం పాట. పాట బాగా వచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. పాల్ నార్డాఫ్ అమెరికాకి చెందిన సంగీతకర్త. క్లైవ్ రాబిన్స్ ఇంగ్లండులో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే ఉపాధ్యాయుడు. ఈ ఇద్దరూ 1959లో ఇంగ్లండులో సన్‌ఫీల్డ్ అనే పిల్లల ఆశ్రమంలో కలుసుకుని కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టేరు. పిల్లవాడు ఏడిస్తే ఆ ఏడుపు శ్రుతిని పట్టుకుని పియానో వాయించేవారు. బల్ల మీద దబదబా బాదితే ఆ బాదుడు వేగానికే తాళం కట్టేవారు. పాటని పిల్లవాడి నెత్తిన రుద్దలేదు. పిల్లవాడు ఉన్నచోటికి పాటని తీసుకెళ్ళేరు. అక్కణ్ణించి మెల్లిగా చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపించేరు. ఈ పద్ధతి ఇప్పటికీ వాళ్ళిద్దరి పేర్లతోనే చలామణీ అవుతోంది.

మెదడులో జరిగేదేమిటి?

మాటకీ పాటకీ మెదడులో దారులు కొంత కలిసీ కొంత విడిగానూ ఉంటాయి. మాట పలకడానికి ముఖ్యమైన ఒక భాగం ఎడమ మెదడులో ముందువైపు ఉంటుందని 1861లో ఫ్రెంచి వైద్యుడు బ్రోకా చూపించేడు. అక్కడ దెబ్బ తగిలి మాట పడిపోయినవాళ్ళలో కొందరు పాత పాటల్ని మాత్రం మాటలతో సహా పాడగలగడం వైద్యుల కంట పడింది. దీన్ని ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఒక పద్ధతి ప్రకటించేరు. చెప్పాల్సిన మాటని రాగంలా సాగదీసి, చేత్తో తాళం వేయిస్తూ పలికించి, తర్వాత రాగాన్ని కొద్దికొద్దిగా తగ్గించి మామూలు మాటలోకి దింపడం. అది పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళ కోసం పుట్టిన పద్ధతి. కాని అందులోని చివరి మెట్టు, అంటే రాగాన్ని తగ్గించడం, గుర్తు పెట్టుకోండి. మనకి దాంతో పని పడుతుంది.

ఇక తాళం సంగతి. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే శాస్త్రజ్ఞులు మనుషులకి స్కానింగు యంత్రంలో తాళాలు వినిపించి చూసేరు. వాళ్ళు కాలూ చెయ్యీ కదపలేదు. ఊరికే విన్నారు. అయినా స్పష్టమైన తాళం వినపడగానే మెదడులో కదలికల్ని నడిపే భాగాలు మేలుకున్నాయి. తప్పెటగుళ్ళవాళ్ళు వీధిలోకి వస్తే అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళ కాళ్ళు కూడా ఎందుకు ఆడతాయో ఇప్పుడు తెలిసిందిగదా!

తాళంలో ఉన్న మహత్యం ఏమిటంటే అది జరగబోయేదాన్ని ముందే చెప్తుంది. ఒకటి, రెండు, మూడు కొట్టేక నాలుగోది ఎప్పుడు పడుతుందో మనకి తెలుసు. చుట్టూ జరిగేది గబగబా సాగిపోతూ, ఏది ఎప్పుడు వస్తుందో అంతుబట్టక బెంబేలు పడే పిల్లవాడికి, "ఇదిగో, ఇంకొక్క క్షణంలో నీ వంతు" అని ముందుగా చెప్పేది దొరకడం చిన్న విషయం కాదు.

నేను చేసిన పొరపాటు

మా మండలంలో భవిత కేంద్రం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో ఇలాంటి కేంద్రాలున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ పిల్లల్ని చూస్తారు. తమ్ముడికి తొమ్మిదేళ్ళు దాటేక ఎవరో చెబితే వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళేం. ఆ మేడమ్ మొదటిరోజే వాడి చెవులు పరీక్ష చేయించి రమ్మన్నారు. డౌన్స్ పిల్లల్లో చెవి లోపల నీరు చేరడం తరచు జరుగుతుందట. పట్నం తీసుకెళ్ళి చూపిస్తే నిజంగానే ఉంది. ఇన్నాళ్ళూ మొండివాడనుకున్నాం. వాడికి సగం మాటలు సరిగ్గా వినపడనేలేదు. వైద్యం చేయించేక, ఆ వేసవి సెలవుల్లో నేనే లెక్కలు నేర్పుతానని బయల్దేరేను.

వాడికి పాటలంటే ప్రాణం. ఊళ్ళో తప్పెటగుళ్ళు వేస్తే పళ్ళెం గుండెకి ఆనించుకుని తెల్లారేదాకా వాయిస్తాడు. అందుకని ఫోనులో అంకెల పాట ఒకటి పెట్టి రోజూ వినిపించేను. మూడు వారాలకి పది దాకా గడగడా పాడేసేడు. ఇంట్లో పండగే. నాన్న ఆ పూట పొరుగింటివాళ్ళని పిలిచి మరీ పాడించేరు.

మర్నాడు అమ్మ వంకాయలు తరుగుతూ, "నాన్నా, మూడు కాయలు అందుకో" అంది. వాడు బుట్ట మొత్తం పట్టుకొచ్చేడు. "మూడ్రా" అన్నాను. వాడు నవ్వుతూ పాట మొదటినుంచి అందుకుని పది దాకా పాడేడు. బుట్ట వాడి చేతిలోనే ఉంది. "మూడు దాకానే పాడు" అంటే ఆగలేడు. "నాలుగు తర్వాత ఎంత?" అంటే చెప్పలేడు. మళ్ళీ మొదటినుంచి రావలసిందే. వాడికి వచ్చింది లెక్క కాదు. పది చప్పుళ్ళ వరస వచ్చింది, అంతే.

ఇలాంటిదే 1943లో లియో కానర్ గమనించేడు. ఆటిజం గురించి ఆయన రాసిన మొదటి వ్యాసంలో పదకొండుమంది పిల్లల వివరాలున్నాయి. అందులో ఒక కుర్రాడు ఏడాది వయసుకే ఎన్నో రాగాలు తప్పులేకుండా కూనిరాగం తీసేవాడు. ఆ పిల్లల్లో కొందరు పద్యాలూ పేర్ల జాబితాలూ అప్పజెప్పేవారు. కాని ఆ మాటలు ఇంకొకరికి ఏదైనా చెప్పడానికి వాళ్ళకి ఉపయోగపడలేదని కానర్ రాసేడు. కంఠస్థం వచ్చినంత మాత్రాన విద్య వచ్చినట్టు కాదన్నమాట. పరీక్షల ముందురోజు రాత్రి మన హాస్టల్లో జరిగే వ్యవహారం తలుచుకుంటే ఇది ఆ పిల్లలకి మాత్రమే వర్తించే సూత్రం కాదని కూడా తెలుస్తుంది!

నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం తాత దగ్గర కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాను. తాత చుట్ట పక్కన పెట్టి, "ఒరే, బాన పైకి రాకండా అంకె సెప్తే ఆ లెక్క దేనికిరా?" అన్నాడు.

అంతే. ఏతం పాటలో ప్రతి అంకె వెనకా ఒక బాన నీళ్ళ బరువుంది. నేను ఫోనులో వినిపించిన పాటలో అంకె వెనక ఏమీ లేదు.

మళ్ళీ మొదటినుంచి

ఈసారి భవిత మేడమ్‌ని అడిగి, ఆవిడ చెప్పినట్టు చేసేం. ఫోను తీసి పక్కన పెట్టేం. నేను హాస్టలుకి వచ్చేశాక అమ్మే నడిపించింది. పద్ధతి ఇది.

మొదటిది వేగం. ఫోను పాట వాడి చేతికంటె చాలా జోరుగా పోతోంది. వాడు బుట్టలోంచి ఒక వంకాయ తీసి పళ్ళెంలో పెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఫోను గడియారంతో చూసేను. దగ్గర దగ్గర మూడు సెకన్లు. అయితే తాళం కూడా మూడు సెకన్లకి ఒక దెబ్బే. మనకి అది నత్తనడక. వాడికి అదే సరైన నడక.

రెండోది బరువు. ఒక దెబ్బకి ఒక వస్తువు. పళ్ళెం మీద "దబ్" మన్నప్పుడే కాయ పడాలి, కాయ పడ్డప్పుడే "ఒకటి" అనాలి. చెయ్యి కదలకపోతే పాటా కదలదు.

మూడోది చూపు. డౌన్స్ పిల్లలకి విన్నదానికంటె చూసింది బాగా గుర్తుంటుంది. అందుకని అంకెకో వేలు చూపించేది అమ్మ. చెవీ కన్నూ చెయ్యీ మూడూ ఒకే క్షణంలో కలవాలి.

నాలుగోది చిన్న మోతాదు. పది కాదు, రెండు. రెండు స్థిరపడేక మూడు. మూడుకి వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది.

అయిదోది అన్నిటికంటె కష్టమైనది, ఆగడం. పాడుతూ పాడుతూ చివరి మాట దగ్గర ఆపేసి, వాడి మొహంలోకి చూస్తూ ఊరుకోవాలి. వాడు దాన్ని పూర్తిచెయ్యాలి. నీళ్ళు అడగడం కూడా ఇలాగే నేర్పేం. గ్లాసు ఎదురుగా పెట్టి చిన్న రాగంలో "తమ్ముడికి కావాలి..." అని ఆపడం. ఒక సెకను, రెండు, ఐదు, ఎనిమిది. ఎదురుచూసేవాళ్ళకి ఎనిమిది సెకన్లు ఎంత పొడుగో ప్రయత్నించి చూడండి. అమ్మ మొదటి రెండువారాలూ తట్టుకోలేకపోయింది. వాడు పెదవి కదిపేలోపే తనే "నీళ్ళు" అనేసి గ్లాసు ఇచ్చేసేది. "దాహంతో ఉన్న పిల్లాణ్ణి చూస్తూ కూర్చోమంటావేట్రా?" అని నామీద కోప్పడింది. చివరికి ఒకరోజు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. వాడు "నీలు" అన్నాడు. పుట్టిన తొమ్మిదిన్నర ఏళ్ళకి తనంతట తను అడిగిన మొదటి వస్తువు అది. ఆ రోజు అమ్మ ఇచ్చినన్ని నీళ్ళు తాగి వాడు రాత్రంతా లేస్తూనే ఉన్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి నేనే ఒక పాట కట్టేను. కవులు క్షమించాలి.

చెయ్యి తడుపు, దబ్ దబ్
సబ్బు రాయి, దబ్ దబ్
రుద్దు రుద్దు, దబ్ దబ్
నీళ్ళు పొయ్యి, దబ్ దబ్

ఇందులో కవిత్వం లేదు. వరస ఉంది. "చెయ్యి కడుక్కో" అన్నది మనకి ఒక్క పని. కాని నిజానికి అది నాలుగైదు పనుల గొలుసు. ఏది ముందో ఏది వెనకో గుర్తుండకే పిల్లవాడు సబ్బు పట్టుకుని నిలబడిపోతాడు. పాటలో వరస తప్పడం కష్టం. ఒక చరణం పాడితే తర్వాతిది తనంతట తనే నోట్లోకి వస్తుంది.

ఊతకర్ర ఎప్పుడు తియ్యాలి?

పాటతో నేర్పినవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు పని ఇక్కణ్ణించే. పాట ఉన్నప్పుడు మాత్రమే చెయ్యి కడుక్కోగలిగితే, ఆ పిల్లవాడి వెనక జీవితాంతం ఒక గాయకుణ్ణి పంపించాలి. టమాటా మొక్కకి ఊతకర్ర కడతాం. అది మొక్క కోసమేగాని కర్ర కోసం కాదుగదా.

అందుకని తియ్యడం కూడా మెట్టుమెట్టుగా ఉండాలి. ముందు మాటలు తీసేసి రాగం ఒక్కటే ఉంచేం. తర్వాత రాగం తీసేసి "దబ్ దబ్" మిగిల్చేం. తర్వాత అదీ పోయి తల ఊపడం. చివరికి ఏమీ లేదు. లెక్కలో అయితే మరో జాగ్రత్త కూడా తీసుకున్నాం. వంకాయలతో వచ్చింది కదా అని సంబరపడకుండా గిన్నెలతో, గోళీలతో, మెట్లతో చేయించేం. ఇంట్లో వచ్చినది పెరట్లోనూ, అమ్మకి చెప్పినది తాతకీ చెప్పగలిగితేనే వచ్చినట్టు. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోయేం. వాడికి జ్వరం వచ్చి లేచేక మూడు మర్చిపోయేడు. మళ్ళీ తాళం, మళ్ళీ వేళ్ళు.

అందరు పిల్లలూ ఒకటి కాదు

నేను చూసింది ఒక్క పిల్లవాణ్ణి. మా తమ్ముడికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకి చప్పుడే బాధ. మైకు సెట్టు కాదు, స్టీలు గ్లాసు కింద పడ్డా చెవులు మూసుకుని విలవిల్లాడతారు. వాళ్ళ దగ్గర పాట గుసగుసలా మొదలవాలి, వద్దంటే ఆగిపోవాలి. సెరెబ్రల్ పాల్సీ వల్ల కండరాలు బిగుసుకునే పిల్లలకి తాళం నడకలో అడుగు వెయ్యడానికి సాయపడగలదు. కాని అడుగు ఎలా పడాలో ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళు చెప్పాలి, నాబోటివాడు కాదు.

వినపడని పిల్లలకి సంగీతం ఎందుకు అని అడగవచ్చు. మన చర్మం లోపల అదురుని పసిగట్టే చిన్న చిన్న గ్రాహకాలున్నాయి. సెకనుకి 250 ప్రాంతంలో ఉండే అదురుకి అవి బాగా స్పందిస్తాయి. స్కాట్లండుకి చెందిన ఎవెలిన్ గ్లెనీకి పన్నెండేళ్ళకే వినికిడి దాదాపు పోయింది. అయినా ఆవిడ ప్రపంచమంతా మెచ్చిన తాళవాద్య విద్వాంసురాలయింది. చెప్పులు లేకుండా వేదిక మీద నిలబడి అదురుని ఒంటితో పట్టుకుంటుంది. మా తమ్ముడు పళ్ళెం గుండెకి ఆనించుకోవడంలోనూ ఈ కిటుకు ఉందేమో. చెవిలో నీరున్న రోజుల్లో వాడు వినలేని తాళాన్ని గుండెతో విన్నాడేమో అనిపిస్తుంది.

ఇది మందు కాదు

సైన్సు విద్యార్థిగా ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పాటతో ఆటిజం నయమవుతుందనీ, ఫలానా రాగం వింటే తెలివి పెరుగుతుందనీ చెప్పేవాళ్ళున్నారు. నమ్మకండి. తొమ్మిది దేశాల్లో నాలుగు నుంచి ఏడేళ్ళ వయసున్న 364 మంది ఆటిజం పిల్లలతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చేయి. మామూలు సేవలతోపాటు ఐదు నెలలు సంగీత చికిత్స పొందినవాళ్ళకీ, పొందనివాళ్ళకీ ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తర్వాత 2022లో 26 అధ్యయనాల్నీ, 1165 మంది వివరాల్నీ కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. మొత్తంమీద మెరుగుదలకీ, జీవన నాణ్యతకీ సంగీత చికిత్స బహుశా తోడ్పడుతుందని తేల్చింది. మాట్లాడటంలోనూ, నలుగురితో మెలగడంలోనూ స్పష్టమైన తేడా ఉందని మాత్రం అనలేదు.

ఈ రెండూ చదివినప్పుడు మొదట నిరుత్సాహపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఇందులో నిరుత్సాహానికేమీ లేదనిపించింది. మా తమ్ముడి నలభయ్యేడో క్రోమోజోముని ఏ పాటా తియ్యలేదు. మేం దాని కోసం పాడలేదు కూడా. ఒక పని ఎంచుకుని, ఆ పనికి సరిపడే పాట కట్టుకుని, పని వచ్చేక పాటని తీసేసేం. "సంగీతం మంచిదా?" అన్న ప్రశ్నకంటె, "ఏ పిల్లవాడికి, ఏ పనికి, ఎంత వేగంలో?" అన్న ప్రశ్న మంచిది.

చివరిగా

మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లోనే సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ వెలిసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. చట్టం చెప్పిన స్థాయి వైకల్యమున్న పిల్లలకి ఆరునుంచి పద్దెనిమిదేళ్ళ వరకూ దగ్గరలోని బడిలోగాని, ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకునే హక్కుంది. "ఇక్కడ కుదరదండీ" అని నాన్నకి చెప్పినరోజున ఆ హక్కు ఉందని చెప్పేవాడికీ తెలీదు, వినేవాడికీ తెలీదు. మన కాలేజీనుంచి ఏటా ఎందరో ఉపాధ్యాయులవుతున్నారు. ఆ కుర్చీలో రేపు మీరే కూర్చుంటారు. తువ్వాలు భుజాన వేసుకుని ఒక రైతు ఇలాంటి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వస్తే ఈ వ్యాసం ఒకసారి గుర్తుచేసుకోండి.

అంతవరకూ ఆగనక్కర్లేదు కూడా. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకి వెళ్ళినప్పుడు దగ్గర్లోని భవిత కేంద్రానికి ఒక పూట వెళ్ళండి. పాడటం రాకపోయినా ఫరవాలేదు. నాకూ రాదు. అక్కడి ఉపాధ్యాయుల్ని అడిగి వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. పిల్లవాడు జవాబు చెప్పేదాకా ఎనిమిది సెకన్లు నోరు మూసుకుని కూర్చోగలిగితే చాలు.

ఈ ఏడు ఉడుపులకి ఇంటికెళ్ళేను. మా తమ్ముడు గట్టు మీద ఆకు కట్టల దగ్గర నిలబడ్డాడు. నాన్న మడిలోంచి, "ఐదు కట్టలు అందుకోరా" అన్నారు. పాట లేదు, తాళం లేదు, ఎవరూ వేళ్ళు చూపించలేదు. వాడు ఒక్కొక్కటీ విసిరేడు. ఐదు విసిరి ఆగేడు. మొదలుపెట్టిన వేసవినుంచి అప్పటికి పద్నాలుగు నెలలు. నాన్న ఆ కట్టల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. తర్వాత వాడివైపు చూసి, "ఇంకో రెండు" అన్నారు.